నాలుగో దశాంశం

తుపాను వెళ్ళిన మూడో వారం
జోడుగుళ్ళపాలెం ఒడ్డున కూలిన సరుగుడు మాను నుంచి
ఒక దుంగ కోయించి తెచ్చాం.
"వంటకా మేడమ్?" అన్నాడు ఆటో అబ్బాయి.
వంటకే అన్నాను.
అబద్ధం కాదు.

అగ్గిపుల్లలంత చీల్చి
ఎక్సైజు పర్మిట్ మీద వచ్చిన స్పిరిట్టు సగం, నీళ్ళు సగం,
కాస్త ఆమ్లం పోసి, ఉక్కు కుండకి బోల్టులు బిగించి
నూట డెబ్బై అయిదు డిగ్రీల దగ్గర గంటన్నర.
ఇందులో గంధకం లేదు, కుళ్ళిన గుడ్ల కంపు కొట్టదు.
మూత తీస్తే
పెళ్ళివారి పొయ్యి వెనక తడికట్టెలు ఆరుతున్న వాసన,
అందులో కొంచెం ఆసుపత్రి.

కుండలో ఇప్పుడు రెండున్నాయి.
ఒకటి పీచు, నానిన అటుకుల్లా.
రెండోది ఇన్నేళ్ళూ ఆ పీచును పట్టుకుని నిలబెట్టింది;
డికాక్షన్ రంగులో కరిగిపోయి ఉంది.
మూడింతల నీళ్ళలో వంచితే మబ్బు పట్టి
అడుక్కి దిగి కూర్చుంటుంది.
ఆరితే తాటిబెల్లం పొడి.
లిగ్నిన్ అంటే దానయ్యకి నోరు తిరగదు.
"సెట్టుకి ఎముకా అమ్మా?"
ఎముక కాదు, ఇటుకల మధ్య సున్నం అన్నాను.
"సున్నం తీసేసినాక గోడుంతాదేటి?"
ఉండదు. కాగితం ఉంటుంది.
అతను తల ఊపాడు, నమ్మినట్టు కాదు.

పీచులో ఇంకా ఎంత లిగ్నిన్ మిగిలిందో చెప్పేది కప్పా సంఖ్య.
ఇరవై అయిదు డిగ్రీల దగ్గర తియ్యమంటుంది పుస్తకం.
మా గదిలో ముప్పై మూడు.
అందుకని దానయ్య పొద్దున్నే హార్బరు నుంచి
టిఫిన్ క్యారియర్లో ఐసు తెస్తాడు.
బీకరు చుట్టూ కరిగే నీళ్ళలో
పండుగప్ప పొలుసు ఒకటి తిరుగుతుంటుంది.

ఊదారంగు పర్మాంగనేట్‌కి పది నిమిషాలు.
తరవాత అయొడైడ్, గంజి, నీలం.
బ్యూరెట్ నుంచి ఒక్కో చుక్క;
రంగు విరిగే చుక్క దగ్గర ఫ్యాను కట్టేస్తాను.
ముప్పై నాలుగు దగ్గర రావాలి.
అరవై ఒకటి.
మళ్ళీ చేశాను. అరవై.

పీచు ఎవరు కడిగారు?
"నానే. రేతిరి నువ్వెల్లిపోయినాక.
కొలాయి నీల్లతోటి, సుబ్బరంగా. నీకు పని తగ్గుద్దని."

ముందు వేడి స్పిరిట్టుతో కడగాలి.
నీళ్ళు ముందు తగిలాయా,
కరిగి వెళ్ళిపోబోతున్నది వెనక్కి తిరిగి
పీచునే పట్టుకుంటుంది.
వారం పని.
నేనన్న మాటలు ఇక్కడ రాయను.
అతను వింటూ ఫ్లాస్కు తోముతూనే ఉన్నాడు.
తోమి, బోర్లించి, అప్పుడన్నాడు:
"మమ్మల్ని గూడా కొమ్మాది బిల్డింగుల్లో ఎట్టినారమ్మా, తుపానుకి.
నాలుగో అంతస్తు. కొలాయుంది, లైటుంది.
మూడో నాటికి అందరం ఒడ్డునే."

ఇద్దరం కాసేపు ఆ అరవై ఒకటిని చూశాం.
దాన్ని కొట్టెయ్యలేదు. పక్కన రాశాను:
కొలాయి నీళ్ళు. దా.

రెండో వంట బాగా కుదిరింది. ముప్పై మూడు.
పరారుణ గ్రాఫు మీద
పదిహేనువందల పది దగ్గర లోయ లోతుగా దిగింది;
కుండలో అంత కాగినా ఉంగరాలు చెదరలేదు.
పీచును జల్లెడ మీద పరిచి, అదిమి, ఆరబెట్టి
అరచేతి వెడల్పు కాగితం చేశాం.
దానయ్య దాన్ని వెలుతురుకి పట్టుకుని
ముందు వాసన చూశాడు.

త్రాసులో పెట్టాను.
ఒకటి పాయింట్ రెండు సున్నా నాలుగు మూడు.
నాలుగు అయిదు.
నాలుగు తొమ్మిది.
చివరి అంకె నిలవడం లేదు.
నీటిని అడ్డుకునేది సీసాలోకి పోయింది కదా,
కిటికీలోంచి వస్తున్న సముద్రాన్ని
పీచు తాగుతోంది.
దానయ్య కిటికీ రెక్క వేశాడు. త్రాసు అద్దం తలుపు నేను వేశాను.
అయిదు రెండు. అయిదు మూడు.
ఏ అంకె రాయను దానయ్యా?
"ఆగనీ" అన్నాడు,
స్టూలు దగ్గరికి లాక్కుని.